మా నాయన దివాను వేషం

పుంగనూరులో మాకు పాత్రసామాన్ల అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు. ఇత్తడి బిందెలు, స్టీలు క్యారియర్లు, పెండ్లిండ్లలో పేర్లు చెక్కించి ఇచ్చే పళ్ళేలు అమ్మేవాళ్ళం. నాయనకు గిరాకీతో గట్టిగా ఒక మాట అనడం చేతకాదు. సొట్టపోయిన చెంబు తెచ్చి "ఇది మీరిచ్చిందే" అని ఎవరైనా అంటే, అది మా అంగడిది కాదని తెలిసీ మార్చి ఇచ్చి పంపేవాడు. అమ్మ లోపల నుంచి గొణుగుతూ ఉండేది. అట్లాంటి మనిషి స్టేజీ ఎక్కితే జనం పళ్ళు నూరేవాళ్ళు. ఆయన వేసేది దివాను వేషం.

తొంభైల్లో మా వైపు పద్యనాటకాలు ఇంకా బతికే ఉన్నాయి. టీవీలు ఇండ్లలోకి వచ్చేసినా, జాతరకు ఒక నాటకం ఆడకపోతే ఊరికి వెలితిగా ఉండేది. మా ఊరి నాటక సమాజానికి రిటైరైన తెలుగు అయ్యవారు ఒకాయన పెద్దదిక్కు. అందరూ ఆడే పురాణ కథలు మనమెందుకు ఆడాలని ఆయన సొంతంగా ఒక నాటకం రాశాడు. కొండమీద కోట కట్టుకుని చుట్టుపక్కల పల్లెలను ఏలిన ఒక పాళెగాని కథ అది. అంతా ఆయన కల్పనే.

కథ చిన్నదే. పాళెగాడికి భార్య అంటే ప్రాణం. తనకు దక్కాల్సిన పెద్దరికం కోట సేనాని అయిన దళవాయికి దక్కిందని దివానుకు కడుపుమంట. పాళెగాని చెవిలో రోజుకొక మాట వేస్తాడు. రాణికీ దళవాయికీ ఏదో ఉందని మాత్రం ఎప్పుడూ నోరు తెరిచి అనడు. "దళవాయి మంచివాడే ప్రభూ" అంటాడు, ఎవరూ అడగకుండానే. "రాణిగారు గుడికి వెళ్ళిన మాట నిజమే గానీ" అని ఆపేస్తాడు. మిగిలింది పాళెగాడే అల్లుకుంటాడు. ఆఖరికి మజ్జిగలో విషం కలిపి తన చేత్తోనే భార్యకు ఇస్తాడు. మొగుడు ఇచ్చాడు కదా అని ఆమె తాగేస్తుంది. నిజం తెలిశాక పాళెగాడు బురుజు మీద నుంచి దూకుతాడు. దివాను మాత్రం చావడు. కొత్త పాళెగాని కొలువులో కూడా చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. తెర పడేది అక్కడే.

పెద్దపంజాణిలో ఆడినప్పుడు ఒక ముసలాయన చెప్పు పట్టుకుని స్టేజీ దగ్గరికి వచ్చేశాడు. వాల్మీకిపురంలో ఆడవాళ్ళు నాయనకు శాపనార్థాలు పెట్టారు. దివాను చచ్చేటట్టు మార్చండి సామీ అని అందరూ అయ్యవారిని అడిగేవాళ్ళు. ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

"వాడు సస్తే మీరంతా నిమ్మళంగా ఇండ్లకు పోయి పండుకుంటారు. అందుకే సంపలేదు" అనేవాడు.

పాళెగాని వేషం వేసేది మదనపల్లె మామ. మామ అంటే రక్తసంబంధం కాదు. నాయనా ఆయనా చిన్నప్పుడు ఒక బడిలో చదువుకున్నారు. అప్పటినుంచీ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకునేవాళ్ళు. ఆయనకు మదనపల్లెలో టమేటా మండీ ఉండేది. ఆరడుగుల మనిషి. గొంతెత్తితే మైకు అక్కర్లేదు. కోపమొచ్చినా సంతోషమొచ్చినా దాచుకోవడం రాదు. ఆదివారం మధ్యాహ్నాలు మా ఊర్లో నాటకం ప్రాక్టీసుకు వచ్చేవాడు, అత్తను వెంటబెట్టుకుని. అత్త టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఉద్యోగానికి పరీక్షలు రాస్తూ ఉండేది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. మండీకి ఎన్ని లోడ్లు వచ్చినా పుల్లటి నాటు టమేటాలు కనబడితే మామ ఒక సంచి పక్కన పెట్టించేవాడు. అత్తకు ఊరగాయకు అవే కావాలి. పుంగనూరు వచ్చేటప్పుడు ఆ సంచి తానే మోసుకొచ్చి అమ్మకు సగం పంచేవాడు.

ఇక దళవాయి వేషగాడు. మామ మండీలో వేలం పాడేది అతనే. సన్నగా, ఎర్రగా, చూడచక్కగా ఉండేవాడు. మామను అన్నా అనీ, అత్తను వదినా అనీ, మా అమ్మను అక్కా అనీ నోరారా పిలిచేవాడు. ప్రాక్టీసు అయ్యాక చాపలు చుట్టి, గ్లాసులు కడిగి, హార్మోనియానికి గుడ్డ కప్పి గానీ కదిలేవాడు కాదు. "మగబిడ్డంటే అట్లుండాల" అనేది అమ్మ. అతని అసలు పేరు మా ఇంట్లో ఎవరూ వాడేవాళ్ళు కాదు. ఇక్కడ కూడా దళవాయి అనే అంటాను.

ఒక ఆదివారం జరిగింది నాకు బాగా గుర్తుంది. నేను అప్పుడు మదనపల్లెలో డిగ్రీ చదువుతున్నాను. దళవాయి యుద్ధానికి పోయే ముందు పాడే పద్యంలో "శరము" అని రావాలి. అతను "సరము" అని పాడాడు. అత్త పక్కున నవ్వింది.

"శరమప్పా, శరము. నువ్వు బాణాన్ని పూసల దండ సేసేస్తివి. దండ ఏసుకుని యుద్ధానికి పోతాడా దళవాయి?"

అందరూ నవ్వారు. అయ్యవారు కూడా నవ్వాడు. దళవాయి తనూ నవ్వి, "వదిన సెప్తే సరే" అని మళ్ళీ సరిగ్గా పాడాడు. చెవులు మాత్రం ఎర్రబడి చాలాసేపు అట్లాగే ఉన్నాయి. ఆ రోజు కూడా చాపలు చుట్టే వెళ్ళాడు.

ఏడాది తిరిగేలోగా అత్తకు ఉద్యోగం వచ్చింది. వేసింది కుప్పం దగ్గర ఒక పల్లె బడికి. మామ మండీలో అందరికీ మైసూరుపాకులు పంచాడు. "మా ఇంట్లో టీచరు పుట్టిందప్పా" అని చెప్పుకున్నాడు. కానీ మదనపల్లె నుంచి కుప్పం రోజూ పోయివచ్చే దూరం కాదు. అత్త కుప్పంలో ఒక గది తీసుకుంది. శనివారం బడి అయ్యాక బయలుదేరి పుంగనూరులో దిగేది. మా ఇంట్లో ముఖం కడుక్కుని, అమ్మ పెట్టింది తిని, ఇంకో బస్సెక్కి మదనపల్లె చేరేది. బస్సు తప్పితే ఆ రాత్రికి మా ఇంట్లోనే. మళ్ళీ సోమవారం తెల్లవారుజామున కుప్పం బస్సు. ఆమె వచ్చే శనివారాలంటే నాకు పండగ. కుప్పం పిల్లలు ఒకే వాక్యంలో తెలుగూ తమిళమూ కన్నడమూ ఎట్లా కలిపేస్తారో అభినయించి చెప్పేది. అమ్మ నవ్వలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

మామలో మార్పు ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పలేను. నాయనకు ఫోన్ చేసి "ఏ బస్సుకు వచ్చింది?" అని అడగడం మొదలుపెట్టాడు. తర్వాత "ఒకతే వచ్చిందా?" అని అడిగాడు. ఆ తర్వాత శనివారాలు తానే వచ్చి పుంగనూరు బస్టాండులో నిలబడేవాడు. మొదటిసారి అత్త ఎంత మురిసిపోయిందో. "మీ మామకు నామీద ఆశ పెరిగింది పాపా" అని నా చేయి పట్టుకుని ఊపేసింది. రెండు మూడు వారాలకు ఆ మురిపెం పోయింది. మామ తన వైపు చూడడం లేదని, తన వెనక ఎవరు దిగుతున్నారో చూస్తున్నాడని ఆమెకు అర్థమైంది.

ఆ ఏడాదే మదనపల్లెలో మా నాటకం పెట్టారు. మజ్జిగ సీను వచ్చింది. మామ గ్లాసు పట్టుకుని రాణి వేషం వేసినామె దగ్గరికి నడిచాడు. పద్యం సగంలో ఆపి, "తాగు" అన్నాడు. ఆ మాట నాటకంలో లేదు. రాణి వేషగత్తె ఒక అడుగు వెనక్కి వేసింది. జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. నటనంటే ఇదిరా అన్నారు. నా పక్కన కూర్చున్న అత్త లేచి బయటికి వెళ్ళిపోయింది. వెనకాలే వెళితే గేటు దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"అత్తా, ఏమైంది?"

"అది నాటకం కాదు పాపా" అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, పొద్దున అంగడి తెరిచిన కాసేపటికి మామ వచ్చాడు. ఎప్పుడూ లోపలికి వచ్చి అమ్మను కాఫీ అడిగే మనిషి, ఆ రోజు వాకిట్లోనే ఆగిపోయాడు. అంగట్లో ఒకామె కూతురి పెండ్లికి బిందెలు చూస్తూ ఉంది. మామ ఆమెను లెక్కచేయలేదు.

"బావా, మా ఇంటామె మీ ఇంట్లో యాల దిగాల?"

నాయనకు అర్థం కాలేదు. "యాల దిగకూడదు బావా? ఆమెకిది పుట్టినిల్లు మాదిరి."

"ఒక బస్సు దిగి ఇంగో బస్సు ఎక్కితే సాలదా? ఈడ గంటలు గంటలు ఏం పని?"

నాయన చేతిలోని తక్కెడ కింద పెట్టాడు. లోపల నుంచి అమ్మా నేనూ వచ్చాం. మామ ఆగలేదు. కుప్పంలో హెడ్మాస్టరు ఆమెను స్కూటర్ మీద దింపుతున్నాడనీ, ఆదివారం కూడా ఏదో మీటింగని ఒకసారి ఆగిపోయిందనీ, చూస్తూ ఊరుకోడానికి తనేమీ గాజులు తొడుక్కోలేదనీ, ఏవేవో అన్నాడు. నాయన అంతా విన్నాడు.

"ఈ మాటలు నీకు ఎవరు సెప్పినారు?"

"ఎవరూ సెప్పలా. నా ముందర సెప్పే దమ్ము ఎవరికుండాది?"

"దళవాయి వారం వారం కుప్పం పక్కకు కాయలకు పోతాండాడు కదా. వాడేమన్నాడు?"

"వాడా! వాడు ఆమెను ఎనకేసుకొస్తాండాడు. హెడ్మాస్టరు మంచోడేలే అన్నా, స్కూటర్ మీద దింపితే తప్పేముండాది అంటాడు. వదిన పుంగనూర్లో ఆగితే మాత్రమేం, ఆ అన్న కూడా మంచోడే కదా అంటాడు. సెప్పబోయి, వద్దులే అన్నా అని కండ్లలో నీళ్ళు పెట్టుకుంటాడు. నా కాపురం యాడ పోతాదో అని వానికి దిగులు."

నాయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. చాలా నెమ్మదిగా అడిగాడు.

"బావా, హెడ్మాస్టరు మంచోడా సెడ్డోడా అని నువ్వు వాణ్ణి అడిగినావా?"

"లేదు."

"నేను మంచోడినా కాదా అని అడిగినావా?"

మామ చూపు బిందెల మీదికి మళ్ళింది.

"అడక్కుండానే మంచోడని యాల సెప్పినాడు? ఆ మాట నేను ఎన్ని ఊర్లల్లో సెప్పినానో నీకు తెలీదా? నువ్వు పక్కనే నిలబడి విన్నావు కదా బావా. అది నా వేషం. వాడు స్టేజీ పక్కన నిలబడి నా వేషం నేర్సుకున్నాడు."

మామ ఒక అడుగు లోపలికి వేశాడు. నమ్ముతాడనే అనుకున్నాను. కానీ ముఖం బిగుసుకుపోయింది.

"దివాను వేషం ఏసీ ఏసీ నీకు లోకమంతా దివాన్లే అగుపడతాండారు. ఆ పిల్లోని మీద తోస్తాండావు. దివాను నువ్వేరా."

ముప్పై ఏళ్ళ స్నేహంలో ఆయన నాయనను "రా" అన్నది అదే మొదటిసారి. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బిందెలు చూస్తున్నామె ఏమీ కొనకుండా మెల్లిగా జారుకుంది.

నాయనకూ అత్తకూ ఏదో ఉందని సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. ఊరికి నమ్మడం కూడా సులువే. ఏళ్ళ తరబడి ఆ మనిషి పచ్చటి సంసారం కూల్చడం వాళ్ళు కళ్ళారా చూశారు. "వేషం వేసే బుద్ధి యాడికి పోతాది" అన్నారు. ఆడగిరాకీ బాగా తగ్గిపోయింది. ఒకామె వచ్చినా మొగుణ్ణి తోడు తెచ్చుకునేది. నాయన ఎవరితోనూ వాదించలేదు. అంగడి తెరవడం, మూయడం, మధ్యలో తలవంచుకుని కూర్చోవడం. అమ్మే ఎక్కువ నలిగింది. నీళ్ళ కుళాయి దగ్గర మాటలు ఆగిపోయేవి, ఈమె బిందె పెట్టగానే.

ఆ వారమే దళవాయి మా ఇంటికి వచ్చాడు, చేతిలో అరటిపండ్లతో. నాయన ముందు కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

"అన్న అట్లా మాట్లాడి ఉండకూడదు. నువ్వు మంచోడివని నాకు తెలుసు కదన్నా. ఊరు ఏమన్నా అనుకోనీ."

నాయన అతని ముఖంలోకే చూస్తూ ఉండిపోయాడు. ఏదో ఒక జాడ కోసం వెతుకుతున్నట్టు. అమ్మ పండ్ల సంచి తీసుకొచ్చి అతని చేతిలో పెట్టింది.

"మంచోడని మాకు తెలుసప్పా. నువ్వు సెప్పాల్సిన పన్లా. పో."

అతను నొచ్చుకున్నట్టు లేచాడు. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ నన్ను చూసి "బాగా సదువుకో పాపా" అన్నాడు.

ఆ శనివారం కాలేజీ నుంచి వస్తుంటే పుంగనూరు బస్టాండులో ఒక మూల అత్త కనబడింది. కుప్పం వైపు పోయే బస్సు కోసం నిలబడి ఉంది. కుప్పం నుంచి రావాల్సిన రోజు ఆమె కుప్పానికి పోతోంది. దగ్గరికి వెళితే చెంప వాచి ఉంది. వారం మధ్యలోనే పిలిపించి, ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండమన్నాడట మామ. మాననంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి చేయి చేసుకున్నాడు.

"ఇంటికి రా అత్తా. అమ్మ ఉండాది."

"వద్దు పాపా. నేను మీ ఇంట్లో అడుగు పెడితే మీ నాయనకు మాట వస్తాది."

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. నా వేళ్ళ మీద ఒకసారి చేయి వేసి తీసేసింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె మదనపల్లె రాలేదు.

నాటక సమాజం అంతటితో చెదిరిపోయింది. పాళెగాడు రాడు, దివాను వేషం కట్టనన్నాడు. రెండేళ్ళకు అయ్యవారు కూడా పోయాడు. ఆయన శవం దగ్గర నాయన ఒక పక్కన, మామ ఒక పక్కన నిలబడ్డారు. ఒకరినొకరు పలకరించుకోలేదు.

రెండువేల సంవత్సరం దాటాక నాకు కుప్పంలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం దొరికింది. అత్త వేరే ఇల్లు చూడనివ్వలేదు. ఆమె ఇంటికి రెండు గదులు, ముందు చిన్న వరండా. పక్కింటి తమిళామె, అత్త అక్కచెల్లెళ్ళలా ఉండేవాళ్ళు. సాయంత్రాలు వీధిలోని పిల్లలు వచ్చి వరండాలో కూర్చుని ఎక్కాలు అప్పజెప్పేవాళ్ళు. ఆ హెడ్మాస్టరు సంగతి నేనే అడిగాను. ఆయన ఉబ్బసం మనిషట, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ముసలాయన. బడి నుంచి మెయిన్ రోడ్డుకు బస్సు లేదు గనక టీచరమ్మలను ఒక్కొక్కరినే స్కూటర్ మీద దించి వచ్చేవాడు. ఎప్పుడో రిటైరై కొడుకు దగ్గరికి పోయాడు. తన పేరు ఎవరి నోట్లోనో నానిందని ఆయనకు తెలియనే తెలియదు.

మామ గురించి అత్త ఒక్క చెడ్డమాట అనేది కాదు. మంచిమాట కూడా అనేది కాదు. మొదట్లో ఆయన వస్తాడని ఎదురుచూసిందట. వాకిలి చప్పుడైతే లేచి కూర్చునేదట. ఆ తర్వాత అదీ మానేసింది.

మరో రెండు మూడేళ్ళకు ఒక ఆదివారం పొద్దున, మేము టిఫిను చేస్తుండగా వాకిట్లో నాయన గొంతు వినబడింది. ఎదురెళితే వెనక మామ నిలబడి ఉన్నాడు. జుట్టంతా నెరిసిపోయి, భుజాలు కుంగిపోయి, మొదట గుర్తుపట్టలేదు.

ముందురోజు ఆయన పుంగనూరు అంగడికి వచ్చాడట. మెట్ల కింద నిలబడి "బావా, ఆ మాట మళ్ళా ఇన్నాను" అన్నాడట. జరిగింది ఇది. మామ తమ్ముడు మండీ చూసుకునేవాడు. ఒక రోజు దళవాయి మామ దగ్గర కూర్చుని, "తమ్ముడు మంచోడేలే అన్నా, బెంగుళూరు వ్యాపారితో ఆ పొద్దు యాల కలిసినాడో గానీ, పోనీలే" అన్నాడు. అతను చెప్పిన ఆ పొద్దు తమ్ముడు మామ పక్కనే, తిరుపతి ఆస్పత్రిలో, వాళ్ళమ్మ మంచం దగ్గర ఉన్నాడు. దళవాయికి ఆ సంగతి తెలియదు. మామకు వెంటనే కోపం రాలేదట. ఇన్నేళ్ళూ తను విన్న ప్రతి "మంచోడేలే" ఒక్కొక్కటే గుర్తొచ్చిందట.

నాయన, నేను బయటికి వెళ్ళబోయాం. అత్త వద్దంది.

"ఉండన్నా. నన్ను మాటలన్నది అందరి ముందరా. ఇప్పుడు కూడా అందరూ ఇననీ."

మామ నేలమీద కూర్చున్నాడు, కుర్చీ వేసినా. తప్పయిపోయిందన్నాడు. ఏడవలేదు, ఏడిస్తే బాగుండునని నాకనిపించింది. ఇంకొక సంగతి కూడా బయటపెట్టాడు. అత్త వెళ్ళిపోయిన కొత్తలో ఒక వారమంతా కుప్పం వచ్చి, ఈ వీధి చివర టీ అంగట్లో కూర్చుని ఆమెను కనిపెట్టాడట. బడికి పోయేది, ఆకుకూర కొనుక్కుని వచ్చేది, తలుపేసుకునేది. తప్పు ఒక్కటీ కనబడలేదు.

"మరి నమ్మొచ్చు కదా?" అంది అత్త.

"నాకు కనబడకుండా జాగర్త పడతాండావు అనుకున్నా."

అత్త తన కంచం పక్కకు జరిపింది. తర్వాత అడిగింది.

"దళవాయిని అడిగినావు. బస్సు కండక్టర్లను అడిగినావు. మా అన్న అంగడికి పోయి ఆయన పరువు తీసినావు. టీ అంగడోన్ని కూడా అడిగే ఉంటావు. నన్ను యాల అడగలా? కూసోబెట్టి, ఏమే, ఇట్లంట, నిజమా అని ఒక్క మాట?"

మామ నేల వైపు చూస్తూ చెప్పాడు.

"అడిగితే నువ్వు కాదంటావు. నీ ముఖం సూస్తే నేను నమ్మేస్తాను. నమ్మితే, అన్ని దినాలు నేను కుమిలిపోయింది వట్టిదైపోతాది. అందుకని అడగలా."

అది విన్నాక నాయన గోడవైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అత్త లేచి లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించింది. అన్నం, పప్పు, ఉర్లగడ్డ వేపుడు చేసింది. ముగ్గురికీ వడ్డించింది. తిన్నాక మామ ధైర్యం తెచ్చుకుని, "మన ఇంటికి పోదామా?" అన్నాడు.

"రాను."

"నీకు ఇంగా కోపం పోలేదు."

"కోపం ఎప్పుడో పోయింది. బయం పోలా. ఎవరో ఒకరు ఒక మాట అంటారు, నువ్వు మళ్ళా నన్ను అడగవు. ఆ ఇంట్లో నాకు నిద్ర పట్టదు." కంచాలు తీస్తూ, "ఎప్పుడన్నా సూడాలనిపిస్తే రా. అన్నం తిని పో" అంది.

ఆయన వచ్చేవాడు. ఒక్కోసారి నెలకు, ఒక్కోసారి రెండు నెలలకు. వరండాలో కూర్చుని పిల్లల ఎక్కాలు వినేవాడు. నాయనతో కూడా మళ్ళీ బావా అనే పిలుపు వచ్చింది. కానీ ఇద్దరూ కలిస్తే పాత రోజుల్లా ఒకరిమీద ఒకరు పడి నవ్వడం నేను చూడలేదు. పుంగనూరులో నాయనను అన్న మాటలను ఎవరూ వెనక్కి తీసుకోలేదు, ఎవరూ క్షమాపణ చెప్పలేదు. గిరాకీ మెల్లిగా వచ్చింది, అంతే.

దళవాయిని మామ మండీ నుంచి పంపేశాడు. పంపే ముందు ఎందుకు చేశావని అడిగాడట. అతను వెక్కి వెక్కి ఏడ్చి, "నేనేమన్నానన్నా? మంచోళ్ళనే కదా అన్నాను. ఒక్క సెడ్డమాట నా నోట వచ్చిందా?" అన్నాడట. నిజమే, రాలేదు. అతను వేరే మండీలో చేరాడు, తర్వాత సొంత మండీ పెట్టాడు, పిల్లల పెండ్లిండ్లు ఘనంగా చేశాడు. ఒకసారి మదనపల్లెలో ఒక కల్యాణమంటపంలో ఎదురై "నాయన బాగుండాడా పాపా?" అని ప్రేమగా అడిగాడు. బాగుండాడన్నాను.

ఎందుకు చేశాడన్నది నన్ను చాలాకాలం పీకింది. ఆ "శరము" నవ్వా? పాళెగాని వేషం తనకు రాలేదనా? మామ ఉన్నతిని పక్కన ఉండి చూడలేకనా? ఒకసారి నాయననే అడిగాను. ఆయన ఆ వేషంలో ఏళ్ళ తరబడి నిలబడ్డవాడు కదా, తెలుస్తుందనుకున్నాను.

"నాటకానికి ఒక కారణం కావాల కాబట్టి అయ్యవారు రాసిపెట్టినాడు" అన్నాడు. "నేను ఆ కారణం తలుసుకుని ఎప్పుడూ ఆడలేదమ్మా. పాళెగాడు నా మాట నమ్మతాండాడు సూడు, అది సూసుకుని ఆడేవాణ్ణి. అంత పెద్ద మనిషి నా ఒక్క మాటకు వణికిపోతాంటే లోపల ఏదో తెలీని రుసి. వేషం ఇప్పినాక ఆ రుసి పోయేదాకా మీ అమ్మతో కూడా మాట్లాడేవాణ్ణి కాదు." కళ్ళజోడు పెట్టుకుంటూ, "వాడికి ఆ రుసి తగులుకునుంటాది. వాడికి ఇప్పుకునే వేషం లేదు" అన్నాడు.

ఆయన ఆ వేషం గురించి నాతో అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. తర్వాత నేనూ అడగలేదు.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో అత్తకు ప్రమోషన్ వచ్చింది. రామసముద్రం దగ్గర ఒక బడికి హెడ్మిస్ట్రెస్ గా వేశారు. మదనపల్లెకు దగ్గర. ఇక కలిసిపోతారని అమ్మ సంబరపడింది. అత్త బడి పక్కనే ఇల్లు తీసుకుంది. "బడికి దగ్గరని వచ్చినా వదినా. ఇంగ దేనికీ కాదు" అని అమ్మకు చెప్పింది.

ఆ తర్వాతి ఎండాకాలం మామకు కామెర్లు వచ్చి మంచం పట్టాడు. బడి సెలవులు. అత్త పెట్టె సర్దుకుని మదనపల్లె ఇంటికి వెళ్ళింది. అన్నేళ్ళ తర్వాత ఆ గడప తొక్కడం అదే మొదలు. నాయన, నేను చూడబోయాం. మామ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె మజ్జిగలో ఉప్పు కలుపుతోంది. గ్లాసు అందిస్తే ఆయన రెండు చేతులతో పట్టుకుని తాగాడు. నాయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు, తాగడం పూర్తయ్యేదాకా లోపలికి రాలేదు.

సెలవులు అయ్యేసరికి మామ లేచి తిరిగాడు. బడి తెరిచే ముందురోజు అత్త రామసముద్రం వెళ్ళిపోయింది. వాళ్ళు మళ్ళీ ఒక ఇంట్లో కాపురం పెట్టలేదు. విడిపోయారని కూడా ఎవరూ అనలేదు. ఎవరికి బాగాలేకపోతే రెండోవాళ్ళు వెళ్ళేవాళ్ళు, బాగయ్యాక వచ్చేసేవాళ్ళు. ఇట్లా ఎన్నాళ్ళత్తా అని నేనొకసారి అడిగితే, బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ తలెత్తకుండానే చెప్పింది.

"ఇట్లనే బాగుండాది పాపా. ఇప్పుడు ఆయన ఏదన్నా మాట ఇంటే నాకు ఫోన్ సేసి అడుగుతాడు. నేను సెప్తాను."

"నమ్ముతాడా?"

"అది ఆయన్నే అడుగు" అని ఇంకో పేపరు తీసుకుంది.